ఫ్రీ జాజ్ డ్రమ్స్ ముందు ఎవరివి వినాలి: సన్నీ ముర్రేనా, మిల్‌ఫర్డ్ గ్రేవ్సా, రషీద్ ఆలీనా?

ఫ్రీ జాజ్ (జాజ్‌లోని మామూలు కట్టుబాట్లు వదిలేసి అప్పటికప్పుడు అల్లుకునే సంగీతం) వినడం మొదలుపెట్టి పది నిమిషాలకే ఆపేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఎందుకు ఆపేశారని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: దరువు దొరకడం లేదు. శాక్సఫోన్ అరుపులు పెద్ద ఇబ్బంది కాదు, వాటిని చెవి కాసేపటికి ఒప్పుకుంటుంది. కాలు ఎక్కడ కొట్టాలో తెలియకపోవడమే మనిషిని కూర్చోనివ్వదు. అందుకే ఈ సంగీతంలోకి శాక్సఫోన్ పేర్లు పట్టుకుని కాకుండా డ్రమ్మర్ పేరు పట్టుకుని వెళ్లమంటాను. దరువు ఎక్కడికి పోయిందో డ్రమ్మర్ దగ్గరే తెలుస్తుంది.

ముగ్గురిలో ఒకరిని ఎంచుకోండి. సన్నీ ముర్రే, రషీద్ ఆలీ, మిల్‌ఫర్డ్ గ్రేవ్స్. ముగ్గురూ 1960లలో న్యూయార్క్‌లో ఈ పని చేసినవాళ్లే. ముగ్గురినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ, వినేవాడికి ముగ్గురూ మూడు వేర్వేరు అనుభవాలు. ఒకరితో కుదరకపోతే ఇంకొకరితో కుదరొచ్చు.

అంతకుముందు ఏముండేదో ఒక్క మాటలో చెప్పుకుందాం. జాజ్ డ్రమ్మర్ కుడిచేయి రైడ్ సింబల్ (స్టాండు మీద ఉండే పెద్ద ఇత్తడి పళ్లెం) మీద "టింగ్, టింగ్-ట-టింగ్" అని ఆపకుండా నడిపిస్తుంది. ఎడమకాలు హై-హ్యాట్‌ని (కాలితో మూసే జంట పళ్లేలని) రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద మూస్తుంది. బ్యాండ్ మొత్తం ఆ నడక మీద ఎక్కి వెళ్తుంది. 1960 డిసెంబర్ 21న శాక్సఫోనిస్ట్ ఆర్నెట్ కోల్‌మన్ రెండు క్వార్టెట్లని (నలుగురేసి ఉన్న బృందాలని) ఒకేసారి కూర్చోబెట్టి రికార్డ్ చేసినప్పుడు కూడా డ్రమ్మర్లు బిల్లీ హిగ్గిన్స్, ఎడ్ బ్లాక్‌వెల్ ఆ నడకని వదల్లేదు. రాగం వైపు కట్లు తెగినా దరువు అలాగే ఉంది. దాన్ని కూడా వదిలేసినవాడిగా ముందు చెప్పాల్సింది ముర్రే పేరే.

సన్నీ ముర్రే

అసలు పేరు జేమ్స్ మార్సెలస్ ఆర్థర్ ముర్రే. 1936 సెప్టెంబర్ 21న ఓక్లహోమా రాష్ట్రంలోని ఐడబెల్‌లో పుట్టి, ఫిలడెల్ఫియాలో పెరిగి, 1956లో న్యూయార్క్ చేరాడు. మొదట్లో పాతకాలపు జాజ్ పెద్దలతో వాయించాడు. ట్రంపెటర్ రెడ్ అలెన్, పియానిస్ట్ విల్లీ "ది లయన్" స్మిత్ లాంటివాళ్లు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ముర్రేకి తాళం రాక వదిలేశాడనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విల్లీ స్మిత్ పక్కన తాళం తప్పి వాయించి నెగ్గుకురావడం ఎవరివల్లా కాదు. ముర్రే వదిలింది చేతికి పూర్తిగా వచ్చిన విద్యని.

1959లో పియానిస్ట్ సెసిల్ టేలర్‌ని కలిశాడు. టేలర్ పియానోని డ్రమ్స్ లాగా వాయించే మనిషి. ఆ పియానో కింద పాత "టింగ్-ట-టింగ్" పెడితే అతకదు. ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి వెతికారు. 1962లో యూరప్ వెళ్లారు. ఆ నవంబర్ 23న కోపెన్‌హేగన్‌లోని కఫే మోంమార్త్ర్‌లో టేలర్, ఆల్టో శాక్సఫోన్ మీద జిమ్మీ లయన్స్, డ్రమ్స్ మీద ముర్రే వాయించింది రికార్డయి మనకి మిగిలింది. కింది స్వరాలు పలికే బేస్ వాయిద్యం లేదు. మామూలుగా అయితే డ్రమ్మర్, బేసిస్ట్ ఇద్దరూ కలిసి నేల వేస్తారు. ఇక్కడ రెండోవాడు లేడు, ఉన్న ఒక్కడూ నేల వేయడానికి ఒప్పుకోడు. చాలా గొప్ప రికార్డింగ్. కానీ మొదటిసారి వినేవాళ్లకి దీన్ని ఇవ్వను. పియానో ధాటికి సింబల్ వెనక్కి పోతుంది, ముర్రే ఏం చేస్తున్నాడో పట్టుకోవాలంటే ముందే ముర్రే తెలిసి ఉండాలి.

ఇవ్వాల్సింది 1964 జులై 10న న్యూయార్క్‌లో రికార్డ్ చేసిన "స్పిరిచ్యువల్ యూనిటీ". టెనర్ శాక్సఫోన్ ఆల్బర్ట్ ఐలర్, బేస్ గ్యారీ పీకాక్, డ్రమ్స్ ముర్రే. మొత్తం అరగంటకి అటూ ఇటూ. నాలుగే ట్రాకులు. వాటిలో మొదటిదీ చివరిదీ ఒకే పాట రెండు రూపాల్లో: "గోస్ట్స్". పిల్లలు వీధిలో పాడుకునే పాటంత తేలిక రాగం. ఒక్కసారి వింటే నోటికొస్తుంది.

ఈ మొదటి ట్రాక్ దగ్గర ఆగి డ్రమ్స్ మాత్రమే వినండి. ఐలర్ రాగం ఎత్తుకోగానే మన చేయి తొడ మీద తాళం వేయబోతుంది. ముర్రే ఆ తాళం ఇవ్వడు. సింబల్ మీద స్టిక్ చాలా తేలికగా, చాలా దగ్గరదగ్గరగా తగులుతూ ఉంటుంది. ఒక దెబ్బ మోత ఆరకముందే రెండోది దాని మీద పడుతుంది. కాసేపటికి దెబ్బలు విడివిడిగా వినిపించడం మానేసి మోతే మిగులుతుంది. ఆ మోత పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్కోసారి ఒక పక్కకి ఒరుగుతుంది. కింద బేస్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (అడుగున తీగలు బిగించిన డ్రమ్) ఎప్పుడో ఒకసారి, లెక్కకి అందనిచోట పడతాయి. ఇంకా శ్రద్ధగా వింటే వెనకాల ఒక మూలుగు లాంటి గొంతు వినిపిస్తుంది. అది ముర్రేదే. వాయిస్తూ గొంతు కలపడం ఆయన అలవాటు.

ఇత్తడి బిందె అంచు మీద గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటే తట్టిన చప్పుడు పోయాక కూడా మోత తిరుగుతూ ఉంటుంది కదా, ముర్రే సంగీతమంతా ఆ తిరిగే మోతలో ఉంది. దెబ్బల్ని లెక్కపెట్టేవాళ్లకి అది అందదు.

ముర్రే జీవితం మాత్రం ఆ రికార్డుకి వచ్చిన పేరుకి తగ్గట్టు నడవలేదు. కవి లెరోయ్ జోన్స్ (తర్వాత అమీరీ బరాకా అయ్యాడు) తన సొంత లేబుల్ మీద ముర్రే పేరుతో 1965లో రికార్డయిన ఆల్బమ్ తెచ్చాడు, అందులో ఐలర్, ట్రంపెటర్ డాన్ చెర్రీ ఉన్నారు. మరుసటి ఏడు ఈఎస్‌పీ లేబుల్ మీద మరొకటి. అయినా న్యూయార్క్‌లో ఈ సంగీతానికి పని దొరకడం కష్టంగానే ఉండేది. 1960ల చివర్లో పారిస్ చేరాడు. 1969లో అక్కడి బీవైజీ ఆక్టుయెల్ లేబుల్‌కి వరసగా ఆల్బమ్‌లు చేశాడు. వాటిలో "హోమేజ్ టు ఆఫ్రికా" పెద్ద బృందంతో, నెమ్మదిగా కదిలే రికార్డు, ముర్రే అంటే మోత మాత్రమే అనుకునేవాళ్లు తప్పకుండా వినాలి. 2017 డిసెంబర్ 7న పారిస్‌లోనే కన్నుమూశాడు.

రషీద్ ఆలీ

పుట్టింది ఫిలడెల్ఫియాలో, పేరు రాబర్ట్ ప్యాటర్సన్. తర్వాత రషీద్ ఆలీ అయ్యాడు. శాక్సఫోనిస్ట్ జాన్ కోల్ట్రేన్ 1965 నవంబర్‌లో "మెడిటేషన్స్" రికార్డ్ చేసేటప్పుడు తన పాత డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ పక్కన ఆలీని కూడా కూర్చోబెట్టాడు. ఇద్దరు డ్రమ్మర్లతో ఆ బృందం ఎక్కువ కాలం నిలవలేదు. 1966 జనవరిలో ఎల్విన్ వెళ్లిపోయాడు. అక్కడినుంచి కోల్ట్రేన్ పోయేదాకా ఆ స్థానం ఆలీదే.

ఆలీ దగ్గర వినాల్సింది 1967 ఫిబ్రవరి 22న రికార్డయిన "ఇంటర్‌స్టెల్లార్ స్పేస్". ఇద్దరే. కోల్ట్రేన్ శాక్సఫోన్, ఆలీ డ్రమ్స్. ఇంకెవరూ లేరు. కోల్ట్రేన్ ఆ జులై 17న చనిపోయాడు, రికార్డు 1974లో గానీ బయటికి రాలేదు. ట్రాకులకి గ్రహాల పేర్లు: మార్స్, వీనస్, జూపిటర్, శాటర్న్. కోల్ట్రేన్ చిన్న గంటలు మోగించి పాటలోకి దిగుతాడు, మళ్లీ గంటలతోనే బయటికి వస్తాడు. ఈ గంటలు కొత్త శ్రోతకి చాలా సాయం. ఎక్కడ మొదలైందో, ఎక్కడికి వచ్చామో తెలుస్తుంది.

ముర్రే దగ్గర మోత పైన తేలుతూ ఉంటే, ఆలీ దగ్గర డ్రమ్స్ అన్నీ ఒకేసారి కదులుతాయి. సింబల్, స్నేర్, టామ్‌లు (తీగలు లేని డ్రమ్స్), బేస్ డ్రమ్ ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ వస్తాయి. తాళం లేదు గానీ వేగం ఉంది, వేగం ఎప్పుడు మారిందో మనకి తెలుస్తుంది. పైగా ఇద్దరే కాబట్టి మాటకి మాట వినబడుతుంది. ఆయన ఒకటి అంటే ఈయన అందుకుంటాడు. "వీనస్" ముందు వినండి. అందులో ఆలీ పుల్లలతో కాకుండా తీగల కుంచెల్లాంటి బ్రష్‌లతో వాయిస్తాడు, గొంతు తగ్గించి మాట్లాడినట్టు ఉంటుంది. "మార్స్"తో మొదలుపెడితే మీద పడిపోయినట్టు అనిపించి ఆపేస్తారు. ఆల్బమ్‌లో వరస ఏదైనా మీరు మాత్రం వీనస్‌తో మొదలుపెట్టండి.

ఇంకా భయంగా ఉంటే ఆలీనే మరింత మెల్లగా పరిచయం చేసే దారి ఒకటుంది. కోల్ట్రేన్ భార్య ఆలిస్ కోల్ట్రేన్ 1971లో విడుదల చేసిన "జర్నీ ఇన్ సచ్చిదానంద"లో డ్రమ్స్ ఆలీవే. హార్ప్, ఫేరో సాండర్స్ సొప్రానో శాక్సఫోన్, కింద తంబురా శ్రుతి. మన చెవికి పరాయిగా అనిపించదు. అందులో ఆలీ చక్కగా నడక పట్టి వాయిస్తాడు. అదే చేతులు నాలుగేళ్ల ముందు వీనస్‌లో ఏం చేశాయో పక్కపక్కన పెట్టి వింటే తేడా మొత్తం అరగంటలో అర్థమవుతుంది. ఈ ఆలిస్ కోల్ట్రేనే తర్వాత సత్యసాయిబాబా భక్తురాలై కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపారు. దానికి పెట్టిన పేరు సాయి అనంతం. పుట్టపర్తికీ ఈ సంగీతానికీ మధ్య ఇలాంటి దారం ఒకటి ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

ఆలీ ఇంకో పని చేశాడు. క్లబ్బుల్లో చోటు దొరకనివాళ్ల కోసం న్యూయార్క్ సోహోలో 77 గ్రీన్ స్ట్రీట్‌లో తన సొంత వేదిక నడిపాడు, ఆలీస్ ఆలీ (ఆలీ సందు) అని. 1973 నుంచి 1979 దాకా నడిచింది. సర్వైవల్ అనే సొంత రికార్డు లేబుల్ కూడా పెట్టాడు. 2009 ఆగస్ట్ 12న పోయాడు.

మిల్‌ఫర్డ్ గ్రేవ్స్

గ్రేవ్స్ సంగతి వేరు. జీవితం చదివి ముందు ఆకర్షితులయ్యేది చాలామంది ఈయనకే. 1941 ఆగస్ట్ 20న న్యూయార్క్ క్వీన్స్‌లోని జమైకా ప్రాంతంలో పుట్టాడు. జాజ్ కంటే ముందు లాటిన్ సంగీతం, చేతులతో కొట్టే కాంగా, పుల్లలతో కొట్టే టింబాలే. ఆ విద్య నుంచి డ్రమ్ సెట్‌కి వచ్చాడు. 1964లో న్యూయార్క్ ఆర్ట్ క్వార్టెట్‌లో ట్రాంబోన్ వాద్యకారుడు రాజ్‌వెల్ రడ్, శాక్సఫోనిస్ట్ జాన్ చికాయ్‌తో కలిశాడు. తర్వాత వసంత సింగ్ దగ్గర తబలా నేర్చుకున్నాడు. 1966లో పియానిస్ట్ డాన్ పుల్లెన్‌తో యేల్ యూనివర్సిటీలో చేసిన కచేరీని ఇద్దరూ సొంతంగానే రికార్డుగా వేసి, కొన్ని అట్టలకి చేత్తో రంగులేసి అమ్మారు. 1967లో కోల్ట్రేన్ అంత్యక్రియల్లో ఐలర్ బృందం వాయించినప్పుడు డ్రమ్స్ దగ్గర ఉన్నది గ్రేవ్సే. 1973 నుంచి దాదాపు నలభై ఏళ్లు వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కాలేజీలో పాఠం చెప్పాడు.

గుండె చప్పుడు మీద దశాబ్దాల పాటు పనిచేశాడు. గుండె మెట్రోనోమ్‌లా (తాళం కొట్టే యంత్రంలా) కొట్టుకోదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం మారుతూనే ఉంటుంది, మరి డ్రమ్మర్ ఎందుకు గడియారంలా కొట్టాలి అన్నది ఆయన పట్టు. క్వీన్స్‌లోని ఇంటి బేస్‌మెంట్‌లో కంప్యూటర్లు పెట్టుకుని మనుషుల గుండె చప్పుళ్లని రికార్డ్ చేసి శబ్దంగా మార్చి వినేవాడు. గొల్లభామ కదలికలు చూసి యారా అనే సొంత యుద్ధవిద్య తయారుచేశాడు. 2018లో తనకే గుండెజబ్బు బయటపడింది. అప్పుడు కూడా ఆ పరిశోధన ఆపలేదు. 2021 ఫిబ్రవరి 12న చనిపోయాడు.

వాయింపు దగ్గరికొస్తే, టామ్‌లకి కింది చర్మాలు తీసేసేవాడు. దాంతో మోత బిగుసుకోకుండా కిందికి తెరుచుకుంటుంది, చేతి వాయిద్యం గొంతు వస్తుంది. స్నేర్‌ని కూడా సెట్ నుంచి తప్పించేశాడు. జాజ్ డ్రమ్మర్‌కి స్నేర్ తీసేయడమంటే మృదంగం వాయించేవాడు కుడివైపు నల్లటి కరణి తీసేసినంత పని. కాళ్లు, చేతులు నాలుగూ నాలుగు వేర్వేరు వేగాల్లో నడుస్తాయి.

ఈయన్ని రికార్డు కంటే ముందు చూడమంటాను. 2018లో వచ్చిన "మిల్‌ఫర్డ్ గ్రేవ్స్ ఫుల్ మాంటిస్" డాక్యుమెంటరీలో జపాన్‌లో ఆటిజం ఉన్న పిల్లల ముందు వాయించిన పాత దృశ్యం ఉంది. ఆ డ్రమ్స్‌కి పిల్లలు కూర్చున్నచోటు నుంచి లేచి కదలడం మొదలుపెడతారు. తాళం ఎక్కడని వాళ్లెవరూ అడగలేదు. ఆ దృశ్యం చూసి వచ్చి 1976 కచేరీ రికార్డు "బాబీ" వినండి. చూడకుండా వింటే అది గోడలా నిలబడుతుంది.

మీ చెవిని బట్టి

మృదంగమో తబలానో నేర్చుకున్నవాళ్లు గ్రేవ్స్‌తో మొదలుపెట్టకండి. తబలా నేర్చుకున్న మనిషి కదా, మనకి దగ్గరగా ఉంటాడనిపిస్తుంది. అక్కడే ఇబ్బంది. ఆ గొంతు తెలిసిన గొంతులా ఉండేసరికి చెవి జతులు వెతుకుతుంది, సమం కోసం కాచుకుంటుంది, అది ఎంతకీ రాక విసిగిపోతుంది. మీకు ముర్రే మంచిది. సింబల్ మోత మన తోలు వాయిద్యాల్లో దేనికీ పోలిక లేదు కాబట్టి చెవి లెక్క మొదలుపెట్టదు. నాకు ఇది స్వయంగా జరిగింది. గ్రేవ్స్‌తో రెండుసార్లు ఓడిపోయి, ముర్రేతో ఒక్క రాత్రిలో లోపలికి వెళ్లి, ఆరు నెలల తర్వాత గ్రేవ్స్ దగ్గరికి తిరిగి వెళ్తే తలుపు తీసే ఉంది.

ఆర్కెస్ట్రాలోనో చర్చిలోనో డ్రమ్ సెట్ వాయించేవాళ్లకి ఆలీ. మీ చేతులకి తెలిసిన సెట్ అక్కడ మొత్తంగా ఉంటుంది, ఏ దెబ్బ దేని మీద పడిందో మీరు పోల్చుకోగలరు. కూర్చుని సాధన చేయడానికి కూడా ఆలీయే నయం. ముర్రేని అనుకరించబోతే చేతిలో మోత రాదు, గందరగోళం మాత్రం వస్తుంది.

వాయిద్యాలతో ఏ పరిచయమూ లేనివాళ్లు, పాటలు మాత్రమే వినేవాళ్లు ముర్రేతోనే మొదలుపెట్టండి. ఐలర్ రాగం చేయి పట్టుకుని తీసుకెళ్తుంది, పైగా అరగంటలో అయిపోతుంది. యోగా, శరీరం, వైద్యం లాంటి వాటి మీద ఆసక్తి ఉన్నవాళ్లకి మాత్రం నేరుగా గ్రేవ్స్, అదీ సినిమాతో.

ఎవరిని ఎంచుకున్నా ఫోన్ స్పీకర్లో వినకండి. నేను మొదటిసారి అలాగే విని ముర్రే సింబల్‌ని సరిగా రికార్డ్ చేయని గరగర అనుకున్నాను. వైరున్న మామూలు హెడ్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. వాల్యూమ్ మధ్యలో పెట్టండి. పని చేసుకుంటూ వెనకాల పెట్టుకునే సంగీతం కాదిది, అలా పెడితే టెన్షన్ పెరుగుతుంది తప్ప ఇంకేమీ రాదు. ఒక్క ట్రాక్ మూడుసార్లు వినడం, మూడు ట్రాకులు ఒక్కోసారి వినడం కంటే మేలు. మొదటిసారి శాక్సఫోన్, రెండోసారి సింబల్ మాత్రమే, మూడోసారి మొత్తం.

ముగ్గురితోనూ కుదరకపోతే ఒక అడుగు వెనక్కి వేసి ఎడ్ బ్లాక్‌వెల్ దగ్గరికి వెళ్లండి. న్యూ ఆర్లీన్స్ మనిషి, అక్కడి ఊరేగింపుల దరువు ఆయన చేతిలో ఎప్పుడూ ఉంటుంది. 1969లో పారిస్‌లో డాన్ చెర్రీతో ఇద్దరే కలిసి చేసిన "ము" మొదటి భాగం పెట్టుకోండి. డ్రమ్స్ పాట పాడినట్టు ఉంటాయి, కాలు కొట్టడానికి చోటు దొరుకుతుంది. బ్లాక్‌వెల్ తర్వాత అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో పాఠం చెప్పాడు. అదే చోట ఆ రోజుల్లోనే టి. రంగనాథన్ గారు మృదంగం నేర్పేవారు. "ము" రెండు భాగాలూ నోటికి వచ్చినంతగా విన్నాక, అప్పుడు మళ్లీ "గోస్ట్స్" పెట్టండి.